పిడుగు ఒక్కడే

పంతొమ్మిదేళ్ళుగా నేను కుక్కని. నవ్వితే నవ్వండి, నాకేం కొత్త కాదు. ‘ఒకటే బాత్రూం’ అనే బొమ్మల కామెడీ సీరియల్ మీరు చూసే ఉంటారు. చూడలేదని బుకాయించకండి, పిల్లలు చూస్తుంటే పేపరు అడ్డం పెట్టుకుని చూసే రకం మీరు. తాత, మామ్మ, అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలు, అందరికీ కలిపి ఒకటే బాత్రూం, దాని తలుపు ముందు అడ్డంగా పడుకునే ఒక కుక్క. ఆ కుక్క పేరు పిడుగు. దాని గొంతు నాది.

“దానికి మనిషెందుకే, ఏదో ఒక కుక్కని తెచ్చి మొరిగిస్తే పోలా?” అని మా చిన్నాన్న దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ అడిగారు. నిజం కుక్క మైకు ముందు మొరగదు, మైకుని నాకుతుంది. మొరిగినా దానికి తోచినట్టు మొరుగుతుంది. తాతగారి కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టాక వచ్చే మొరుగు వేరు, పెద్దపిల్ల గుసగుసగా ఫోన్లో మాట్లాడుతుంటే విని ఇంట్లోవాళ్ళకి చాడీ చెప్పే మొరుగు వేరు. అవి కావాలంటే మనిషే కావాలి. అదీ నాలాంటి మనిషి కావాలి.

ఆ ఇంటి ఏడుగురూ ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ రికార్డింగ్ చేస్తారు. కుక్కని మాత్రం ఆ రోజు పిలవరు. నేను మొరిగితే అందరి మైకుల్లోనూ పడుతుంది, తర్వాత విడదీయడం తలనొప్పి. అందుకని కుక్క పని ఎప్పుడూ మర్నాడు, నేనొక్కదాన్నే. చెవులకి హెడ్‌ఫోన్లు, అందులో నిన్నటి వాళ్ళ మాటలు, ఎదురుగా అద్దం, అద్దానికి అవతల సౌండాయన. వాళ్ళు నిన్న వేసుకున్న జోకులకి నేను ఇవాళ మొరుగుతాను. ఆ కుటుంబాన్ని నేను కలిసేది ఏడాదికోసారి పెట్టే పార్టీలోనే. నేను వెళ్ళిన ఆఖరి పార్టీలో తాత గొంతు వేసే పెద్దమనిషి ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, “కొంచెం చల్లగా తేమ్మా” అన్నాడు. తెచ్చి ఇచ్చాను కూడా. ఏం చేస్తాను, అంతమందిలో కరవలేను కదా.

మూడేళ్ళ కిందట ఆ మర్నాడు పిలవడం కూడా మానేశారు. నా మీద కోపం వచ్చి కాదు. పదహారేళ్ళుగా నేను మొరిగినవన్నీ సౌండాయన కంప్యూటర్లో పేర్లు పెట్టి, నంబర్లు వేసి దాచాడు. దాన్ని లైబ్రరీ అంటారు. కోపం నలభై రెండు రకాలు, ఆకలి పంతొమ్మిది, భయం ఇరవై ఆరు. కుక్కకి కోపం రావాలా, కోపం ఏడో నంబరు తీసి అతికిస్తే అయిపోయె. “మీరెక్కడికీ పోలేదండీ, సీరియల్లో మీరే ఉన్నారు” అని ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేసి నచ్చచెప్పబోయాడు. “అయితే నాకెందుకయ్యా చేశావు, ఆ సీరియల్లో ఉన్నదానికే చెయ్యి” అని ఠక్కున పెట్టేశాను.

పెట్టేశాక ఏడ్చాను. అది అతనికి తెలియదు.

ఇప్పుడు పొద్దునపూట ఒక కళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తున్నాను. “తర్వాత ఎవరండీ?” అన్నది రోజుకి నేను వందసార్లు అనే మాట. ఇంకో మాట అనే అవసరం పెద్దగా రాదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీస్తే, మర్నాడు మళ్ళీ తాళం వేసేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. అదేదో ప్రశాంతత అని మా వాళ్ళు అనుకుంటారు. ప్రశాంతతా, నా మొహమా. కుళాయి బొట్టు బొట్టుగా కారుతుంటే బాగుచేయించకుండా వదిలేశాను, ఏదో ఒక చప్పుడు ఉంటుందని.

శనివారం సాయంత్రం ఆరున్నరకి మాత్రం టీవీ ముందు కూర్చుంటాను. పిడుగు మొరిగితే చాలు, అది ఏనాటి మొరుగో చెప్పేయగలను. ఇది నాకు జలుబు చేసిన రోజుది. ఇది పన్ను పీకించుకుని వచ్చిన రోజుది, అందుకే ఎడమవైపు కాస్త బొంగురు. ఇది మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారంది. అందరూ నవ్వే చోట మా అమ్మ ఆస్పత్రి గుర్తొస్తుంది నాకు. పై ఇంటివాళ్ళ టీవీ మా టీవీ కంటే ఒక క్షణం వెనక నడుస్తుంది. నా గదిలో మొరిగిన కుక్క మళ్ళీ నా నెత్తి మీద మొరుగుతుంది, అప్పుడు అక్కడి పిల్లలు పకపకా నవ్వుతారు. ఒకసారి లిఫ్టులో వాళ్ళ చిన్నదానితో, “ఆ పిడుగు నేనేనే” అన్నాను. “ఏదీ, మొరుగు చూద్దాం” అంది. మొరిగాను. అది చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ దాన్ని తన వైపు లాక్కుని, లిఫ్టు ఆగేదాకా తలుపు వైపే చూస్తూ నిలబడింది. అప్పట్నుంచి నేను మెట్లెక్కుతున్నాను.

పోయిన నెల ఫోన్ వచ్చింది. కొత్త డైరెక్టరమ్మ. ముప్ఫై దాటి ఉండవు, మాట మాత్రం గలగలమంటుంది.

“పిడుగాంటీ! ఈసారి ఎపిసోడ్ మొత్తం మీదే. పేరేంటో తెలుసా? పిడుగు ఒక్కడే.”

కథ చెప్పింది. ఇంట్లోవాళ్ళంతా రెండు కార్లలో ఊరెళ్తారు. కుక్క ఆ కార్లో ఉందని వీళ్ళు, ఈ కార్లో ఉందని వాళ్ళు. తీరా చూస్తే పిడుగు ఇంట్లోనే ఉండిపోయింది, బయట తాళం. రెండు రోజులు అది ఒంటరిగా గడపడమే కథ. ఇరవై రెండు నిమిషాలు, మనిషి మాట ఉండదు. ఆఖర్న వాళ్ళు తిరిగి రావడం.

“లైబ్రరీ ఉందిగా తల్లీ, నేనెందుకు?” అన్నాను. వెళ్ళాలని ఎంత ఉన్నా బెట్టు చేయకుండా ఉండలేను.

“అందులో ఏముందాంటీ? అన్నీ మనుషుల్ని చూసి మొరిగినవే. ఎవరూ లేనప్పుడు కుక్క ఎలా ఉంటుందో ఒక్కటి లేదు.” తర్వాత గొంతు తగ్గించింది. “మీకు దాచకుండా చెప్తాను. ఈ ఎపిసోడ్‌లో లైబ్రరీలోంచి ఒక్క చప్పుడు కూడా వాడకుండా, మొత్తం మీరు కొత్తగా చేసిస్తే, అది పట్టుకెళ్ళి పైవాళ్ళకి వినిపిస్తాను. వచ్చే సీజన్ నుంచి ప్రతి వారం మిమ్మల్ని పిలవాలని పట్టుబడతాను. కాని ఒక్కటి పాతది వాడామా, ‘ఒకటి వాడినవాళ్ళు అన్నీ వాడుకోవచ్చుగా’ అని నా నోరు మూయిస్తారు. అర్థమైందా ఆంటీ?”

అర్థం కాకపోవడానికి నేనేమన్నా నిజం కుక్కనా. ప్రతి వారం! వారానికో రోజు పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, నా కోసం ఎదురుచూసే చోటికి వెళ్ళడం! ఆ రోజు మూడు అంతస్తులూ లిఫ్టులోనే ఎక్కాను, ఎవరున్నా సరే అని.

మొదటి రోజు పని ఎలా నడిచిందో ఇప్పుడు తలుచుకున్నా నాకే ఆశ్చర్యం. తెర మీద పెన్సిలు గీతల బొమ్మలు కదులుతుంటే నేను చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో తువ్వాలు కరుచుకుని చేస్తాను. తువ్వాలు ఉంటే గొంతు ముక్కులోకి వస్తుంది, మనిషి మాయమవుతుంది. తలుపు మూసుకోగానే పిడుగు ఇదేదో ఆట అనుకుంటుంది. కాసేపు తోక ఆడిస్తుంది. తాతగారి చెప్పు తెచ్చి తలుపు దగ్గర పెడుతుంది. బట్టలుతికే మిషను అద్దంలో తన ముఖం చూసి ఎవరో వచ్చారని మొరిగి, తనే అని తెలిసి నోరు మూసుకుంటుంది. అన్నీ ఒక్కో టేకులో అయిపోయాయి.

తర్వాత లిఫ్టు ముక్క వచ్చింది. లిఫ్టు కదిలిన చప్పుడు వినబడగానే కుక్క చెవులు నిక్కబొడుచుకోవాలి. అది తమ అంతస్తులో ఆగకుండా పైకెళ్ళిపోతుంది. తెర మీద పిడుగు లేచి, నిలబడి, మళ్ళీ కూర్చుంది. నేను మొరగలేదు. గొంతులో ఒక చిన్న “ఊ?” అన్నాను, ఆ వెంటనే ముక్కుతో కాస్త గాలి వదిలాను. అంతే.

అద్దం అవతలికి చూశాను. సౌండాయన నా వయసువాడే, సీరియల్ మొదలైనప్పట్నుంచీ ఉన్నాడు, నెలకో మాట మాట్లాడతాడు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. డైరెక్టరమ్మ మైకులోకి వచ్చింది.

“ఆంటీ... ఇది ఎక్కడ నేర్చుకున్నారు?”

“నేర్చుకునేదేముందమ్మా, మా గది లిఫ్టు పక్కనే” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అది వాళ్ళకి చెప్పాలనుకోలేదు.

ఆ రోజు వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నన్ను గట్టిగా పట్టుకుంది. “ఆంటీ, రేపు ఆఖరి ముక్క ఒక్కటే. తాళం తిప్పిన చప్పుడు, తలుపు తెరుచుకోవడం, అందర్నీ చూసి పిడుగు సంతోషం. మీకు పది నిమిషాల పని.” నాకూ అంతే అనిపించింది. సంతోషపడటం ఎంతసేపండీ.

మర్నాడు తొమ్మిదింటికే మొదలుపెట్టాం. తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది, తెర మీద పిడుగు గాల్లోకి ఎగిరాడు. నేను మొరిగాను. బాగానే మొరిగాను అనుకున్నాను. సౌండాయన తల అడ్డంగా ఊపాడు.

“ఏం?”

“కొరియర్ వచ్చినట్టుంది” అన్నాడు.

మళ్ళీ చేశాను. ఈసారి ఆకలిలా ఉందన్నాడు. మళ్ళీ చేశాను. గొంతు పెంచాను, ఊపిరి పెంచాను, చాప మీద గెంతి మరీ మొరిగాను. పని ముగించుకుని పోదామని ఊరికే అరిచినట్టుందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “నెలకో మాట మాట్లాడే మనిషి మీరు, ఈ నెల కోటా అంతా ఇవాళే వాడేస్తున్నారేంటండీ!” అన్నాను. ఆయన నవ్వలేదు. “ఇంకోటి” అన్నాడు. పదకొండు అయ్యేసరికి ముప్ఫై టేకులు అయ్యాయి. గొంతులో ఇసుక పోసినట్టుంది. ఒక్కటి కూడా సంతోషం కాదు. అది నాకూ వినబడుతోంది, అదే నా ఏడుపు. నా మొరుగులో అబద్ధం నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

టీ తాగడానికి ఆగాం. డైరెక్టరమ్మ నా పక్కన మెట్ల మీద కూర్చుంది.

“ఆంటీ, ఇలా చేద్దాం. సాయంత్రం మీ ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరు లోపలికి వస్తే మీరు గంతేస్తారు? ఆ మనిషిని తలుచుకోండి.”

తలుచుకున్నాను. అమ్మ లేదు. చిన్నాన్న వస్తే కంచం నిండా తిని వంకలు పెడతాడు. పై ఇంటామె వస్తే లిఫ్టు సంగతి గుర్తొచ్చి నాకే ముఖం చెల్లదు. కళ్ళ డాక్టరు నా ఇంటికెందుకు వస్తాడు? ఒక్కొక్కరినే తలుపు దగ్గర నిలబెట్టి చూశాను. ఒక్క ముఖానికీ నా కాళ్ళు లేవలేదు. అలా తలుచుకుంటూ పోతే ఆఖరికి ఎవరూ మిగల్లేదు. వేడి టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, ఎవరూ లేరు అని ఆ పిల్లకి ఎలా చెప్పాలో తెలియలేదు నాకు.

“మరి అంకుల్?” అంది మెల్లగా.

“ఏ అంకుల్? పదకొండేళ్ళయింది ఆ మహానుభావుడు పెట్టె సర్దుకుని. నా నోరు భరించలేడట! నోరు చూసే కదా చేసుకున్నాడు! ఇంకెక్కడో ఉన్నాడులే, ఏ ఊళ్ళో ఎవరి లిఫ్టులు బాగుచేస్తున్నాడో. ఆ మనిషి తలుపు తీసుకుని వస్తే మొరగనమ్మా, పిక్క పట్టుకుంటాను. ఉన్న పదిహేనేళ్ళలో ఒక్కనాడు సుఖపడింది లేదు ఆయనతో. ఒక్కనాడంటే ఒక్కనాడు!”

ఈ ముక్క నేను పదకొండేళ్ళుగా అందరికీ చెప్తున్నాను. నోటికి వచ్చేసింది, తడుముకోవక్కర్లేదు.

“సరే అయితే, నేనే వస్తాను” అని లేచింది. పిచ్చిపిల్ల, నిజంగానే బయటికెళ్ళి, తలుపు తీసుకుని, రెండు చేతులూ చాచి “పిడుగూ!” అంటూ రికార్డింగ్ గదిలోకి వచ్చింది. మొరిగాను. ముప్ఫై ఒకటో టేకు. సౌండాయన విని, “పర్లేదు. మర్యాదగా ఉంది” అన్నాడు. అంటే ఇంటికి చుట్టం వచ్చినప్పుడు మొరిగినట్టు.

డైరెక్టరమ్మ గడియారం చూసుకుంది. గది మాకు ఒంటిగంట దాకానే ఇచ్చారు. “ఇదే పెట్టేద్దాం ఆంటీ. తలుపు తీయగానే ఏడుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఆ గోల కింద పడిపోతుంది. ఎవరూ పట్టుకోలేరు. మీ పని మీకు వస్తుంది.” నా చెయ్యి నొక్కింది. మంచి పిల్ల. నేను తలూపాను. నాకు ఆ పని కావాలి. ఎంత కావాలో చెప్పుకుంటే సిగ్గుచేటు.

అప్పుడు సౌండాయన మైకులోకి వచ్చాడు. “ఒకటి వినిపిస్తా.”

“లైబ్రరీలోదా? వద్దనుకున్నాం కదండీ!” అంది ఆ పిల్ల.

“పెట్టమనడం లేదు. వినమంటున్నా.”

“ఏ నంబరు?” అన్నాను.

“దీనికి నంబరు లేదు. ఒకటే ఉంది. ‘రాక’ అని పేరు పెట్టాను. మీరు పనికి వచ్చే రోజుల్లో కూడా ఆ ముక్క మీతో చేయించలేదు, ఇంటికి ఎవరు వచ్చినా ఇన్నేళ్ళూ ఇదే వాడుతున్నా. కాస్త సాగదీసి, కాస్త కత్తిరించి.”

నేనెప్పుడూ గమనించలేదు. అన్నీ తేదీలతో సహా చెప్పే దాన్ని! ఇది ఎప్పుడూ ఇంటివాళ్ళ మాటల కింద పడి ఉండేది, విడిగా నా చెవిన పడలేదు. ఆయన మీట నొక్కాడు.

రెండు సెకన్లు కూడా లేదు. మొదట ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు, నమ్మలేనట్టు. తర్వాత ఒక మొరుగు సగంలో విరిగిపోయి, దాని మీద ఇంకోటి, ఆ మీద ఒక కూత, ముద్ద ముద్దగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. అందులో కుక్క ఎంతో, మనిషి ఎంతో చెప్పలేం. డైరెక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మళ్ళీ వేయండి” అన్నాను. మళ్ళీ విన్నాను. హెడ్‌ఫోన్లు సర్దుకుని, తువ్వాలు కరిచి, అచ్చం అలాగే మొరిగాను. ఊపిరి దగ్గర ఊపిరి, విరుపు దగ్గర విరుపు. నా గొంతుని నేను అనుకరించలేనా? ఆ పిల్ల “వచ్చింది!” అని గంతేసింది. సౌండాయన మాత్రం నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. రాలేదు. ఇద్దరికీ తెలుసు.

నాకు కోపం వచ్చింది. నా మీదే. “అసలిది ఎప్పుడు మొరిగాను నేను? ఎలా మొరిగాను? దీని ముందూ వెనకా ఏమన్నా ఉందా మీ దగ్గర?”

ఆయన మౌసు పట్టుకుని అటూ ఇటూ ఏదో వెతికాడు. “ఉంది. రెండో ఏడాదిది. పాడైపోయిన టేకు అది. కోపం చేస్తున్నారు మీరు. మధ్యలో ఎవరో తలుపు తీశారు. తలుపు చప్పుడు కత్తిరించి అంతవరకు దాచా.” గొంతు సవరించుకున్నాడు. “మొత్తం వేయనా?”

“వేయండి.”

కుక్క కోపంగా మొరుగుతోంది. నాకు గుర్తొచ్చింది, తాతగారి పళ్ళసెట్టు ఎత్తుకుపోయిన ఎపిసోడ్. గుర్రు, గుర్రు, మొరుగు. ఇంతలో తలుపు కిర్రుమంది. గుర్రు ఆగిపోయింది. ఆ ఊపిరి. ఆ తర్వాత ఆ ముద్ద ముద్ద మొరుగు. దాని వెనకాలే దూరంగా, మైకుకి అందీ అందకుండా ఒక మగగొంతు.

“ఇంకా కాలేదా నీ కుక్క పని? వాన మొదలైందోయ్. గొడుగు తెచ్చా, పద.”

“సార్, రికార్డింగ్ నడుస్తోంది, తలుపెయ్యండి సార్” అని ఇంకో గొంతు, వయసులో ఉన్న సౌండాయనది.

ఆ తర్వాత నేను. నవ్వుతున్నాను. ఊపిరాడనంతగా నవ్వుతున్నాను. “వచ్చేశా, వచ్చేశా!” అంటున్నాను. రెండుసార్లు.

టేపు అయిపోయింది. నేను చాప మీద మోకాళ్ళ మీద అలాగే ఉన్నాను, తువ్వాలు చేతిలో పట్టుకుని. ఎవరది? ఎవరా ఆడమనిషి? ఎవరో ఒకాయన గొడుగు పట్టుకొస్తే చాలు, తన పని, తన మైకు, తన కోపం అన్నీ మరిచిపోయి కుక్కపిల్లలా గంతేసిన ఆవిడ నేనా? నేను ఒక్కనాడు కూడా సుఖపడలేదే! పదకొండేళ్ళుగా అందరికీ చెప్పానే! చిన్నాన్నకి చెప్పాను, కళ్ళ డాక్టరుకి చెప్పాను, పొద్దున ఈ పిల్లకి కూడా చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. నమ్మబట్టే కదా నా ఇంట్లో ఒక్కదాన్నే ఉండగలిగాను, పోయిందేమీ లేదు కాబట్టి. పదిహేడేళ్ళుగా ప్రతి శనివారం పిడుగు ఇంటికి ఎవరో ఒకరు తిరిగి రావడం, నేను అలా ఎగిరి మొరగడం, ఊరు ఊరంతా వినడం. నేనొక్కదాన్నే వినలేదు.

డైరెక్టరమ్మ అద్దం అవతల్నుంచి లోపలికి వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుంది. నా చేతిలోని తువ్వాలు అంచు సర్దింది.

“ఆంటీ, పన్నెండున్నరయింది. ఇందాక అనుకరించింది మీకు నచ్చలేదు కదా, ముప్ఫై ఒకటోదే ఫైనల్ చేయించేస్తాను. సాయంత్రం పైవాళ్ళకి వినిపించాలి.”

ఔననాలి. ఒక్క తల ఊపు. వచ్చే సీజన్ నుంచి ప్రతి వారం ఈ చాప, ఈ అద్దం, ఈ “ఇంకోటి”. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, నిజం చెప్తున్నాను. కాని తెర మీద పిడుగు ఇంకా గాల్లోనే ఆగి ఉన్నాడు, నాలుగు కాళ్ళూ నేలకి అందకుండా. రెండు రోజులు ఆ పిచ్చిముండ తలుపు దగ్గర తాతగారి చెప్పు పెట్టుకుని కూర్చుంది. లిఫ్టు కదిలిన ప్రతిసారీ లేచింది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, అదంతా నేను ఇచ్చిందే. ఇప్పుడు తీరా వాళ్ళు వస్తే, మర్యాదకి మొరగమంటానా దాన్ని? దాని ఇంటికైనా నిజంగా ఎవరో ఒకరు రావద్దూ?

“పాతది పెట్టమ్మా” అన్నాను.

“ఆంటీ! పెడితే ఏమవుతుందో తెలుసు కదా? ఇక మిమ్మల్ని...”

“తెలుసులే. చెవుడు రాలేదు నాకు. పాతదే పెట్టు. ఆ కొత్తది తీసి అవతల పారెయ్.”

సౌండాయన నా వైపే చూస్తున్నాడు. నేను తల ఊపాను. ఆయన ఇంకో మాట అడగకుండా పని మొదలుపెట్టాడు. తెర మీద తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది, ఆ ఊపిరి వినబడింది, పిడుగు ఎగిరి తాతగారి గుండెల మీద పడ్డాడు. అతుకు కనబడలేదు. నేను లేచి చీర దులుపుకున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నా సంచీ అందించింది. గుమ్మం దాకా వచ్చి, అడగాలా వద్దా అన్నట్టు ఆగి, ఆఖరికి అడిగేసింది.

“ఆ టేపులో గొంతు ఎవరిదాంటీ?”

“మా ఆయనది” అన్నాను. ఈ పదకొండేళ్ళలో ఆ మాట వెనకాల ఏదో ఒక తిట్టు తగిలించకుండా ఎప్పుడూ ఆపలేదు. ఆ పిల్ల దాని కోసమే చూస్తోంది. నేనూ వెతుక్కున్నాను, దొరకలేదు.

“వాన వస్తోందని గొడుగు తెచ్చాడు” అన్నాను.